దేవుడు కొట్టివేయని పేరు

మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైన 1914లోనే మన సికింద్రాబాద్ పేరు ఫ్రాన్స్ దేశానికి చేరింది. ‘సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడ్’ ఆ ఏడాదే అక్కడ దిగింది. 1916 జులై 14 సాయంత్రం సోమ్ యుద్ధరంగంలో, హైవుడ్ అనే అడవి పక్కన, ఆ బ్రిగేడ్‌లోని దక్కన్ హార్స్ దళం బ్రిటిష్ డ్రాగూన్ గార్డ్స్‌తో కలిసి, బల్లేలు పట్టుకొని పంటచేలలో శత్రువు మీదికి దూకింది.

ఆ రౌతులేమయ్యారు? మెషిన్‌గన్ల ముందు పిట్టల్లా రాలిపోయారని దూరం నుండి చూసిన ఒక ఫిరంగిదళ అధికారి చెప్పాడు. చాలాకాలం ఆ కథనమే చెలామణి అయ్యింది. కాని చరిత్రకారుడు డేవిడ్ కెన్యన్ ఆనాటి దళాల యుద్ధ దినచర్యలు తిరగేసి, 2011లో వెలువడిన తన గ్రంథంలో ఆ కథ నిలవదని తేల్చాడు. చనిపోయినవారు పదిమందిలోపే. గాయపడినవారిని కలిపినా నష్టం సుమారు వందమంది. గుర్రాలు మాత్రం వందకు పైగా పోయాయి.

అక్కడ లెక్క పెరిగితే, మరోచోట తరిగింది. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు. సామాన్య భారతీయ సిపాయిలను మాత్రం రెజిమెంటు కింద ఒక అంకెగా చూపి సరిపెట్టారు. కనీసం 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది మృతులు పేరుతో స్మరణకు నోచుకోలేదని కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ వేసిన కమిటీయే 2021లో ఒప్పుకుంది. వారిలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు దేశాలవారు.

కథ చెప్పేవాడికి పెద్ద అంకె కావాలి, జవాబు చెప్పాల్సినవాడికి చిన్న అంకె కావాలి. రాజైన దావీదు చేసిందీ ఇదే! తన పాపాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో నిలబెట్టించి చంపించాడు (2 సమూయేలు 11). రాజు సేవకుల్లో కొందరు హతమయ్యారని, ఊరియా కూడా చనిపోయాడని యోవాబు పంపిన దూత చెబితే, యుద్ధంలో ఇవన్నీ మామూలే అన్నట్టు దావీదు జవాబిచ్చాడు. ఆ ‘కొందరు’ ఎందరో, ఎవరో ఆయన అడగనే లేదు.

అయితే అదే గ్రంథం 23వ అధ్యాయంలో దావీదు శూరుల పట్టిక ఉంది. మొత్తం 37 మంది. చిట్టచివరి పేరు హిత్తీయుడైన ఊరియాది! ఆ వెంటనే 24వ అధ్యాయంలో దావీదు తన సైన్యాన్ని లెక్కించాడు. ఆ మొత్తం సమూయేలు గ్రంథంలో 13 లక్షలు, దినవృత్తాంతాల్లో 15,70,000. ఈ తేడా గురించి వేదపండితులు ఎంతగానో చర్చించారు. ఊరియా విషయంలో మాత్రం చర్చే లేదు. ఆ పేరు రెండు గ్రంథాల్లోనూ ఉంది. రాజు చెరిపేయాలనుకున్న మనిషిని లేఖనం భద్రంగా దాచింది.

మన సంఘాల లెక్కల మాటేమిటి? సువార్త సభకు వెయ్యిమంది వస్తే పదివేలని కరపత్రంలో వేసుకుంటాం. సంఘం విడిచి వెళ్లినవారి పేరు మీద మాత్రం రిజిస్టరులో గీత కొట్టి మరిచిపోతాం. ఎందుకు వెళ్లారో అడగం. పెంచినా, తుంచినా అబద్ధం అబద్ధమే కదా! వచ్చినవారిని ఉన్నంతమందే చెప్పడానికి, పోయినవారిని పేరుపేరునా వెదకడానికి నిజాయితీతోపాటు ప్రేమ కూడా కావాలి.

వందకు ఒక్క గొర్రె తగ్గినా గుర్తించిన కాపరి మన ప్రభువు (లూకా 15). ఆయన దగ్గర ‘కొందరు’ అనే లెక్క లేదు.