వాల్వు వేసే కొసరు

సూరత్ లింబాయత్ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. సిరిసిల్ల వైపు నుంచి వెళ్లి అక్కడ సాంచాలు (మరమగ్గాలు) నడుపుకుంటున్న కుటుంబం వారిది. ఈమధ్యే ట్యూబ్ యాంప్లిఫయర్‌కు మారారట. "మొదటి రాత్రి తంబురా మీద పాడిన కీర్తన పెట్టాను. గొంతు వచ్చి చాప మీద నా పక్కనే కూచున్నట్టుంది. మర్నాడు సినిమా పాట పెడితే వయొలిన్లన్నీ ముద్దయిపోయాయి. లోపం దానిదా, నా చెవిదా?"

ఆయన కొన్నది 300బి అనే రకం. స్పీకరుకు ఒక్కటే పెద్ద వాల్వు, అంటే ట్యూబు. గాలి తోడేసిన గాజుబుడ్డిలో కాగిన తీగ నుంచి ఎలక్ట్రాన్లు ప్లేటు వైపు దూకుతాయి. దారిలో అడ్డంగా ఒక తీగజాలీ, అదే గ్రిడ్. దాని మీద వోల్టేజి కాస్త మారితే ప్లేటు కరెంటు బాగా మారుతుంది.

1906లో ఆ జాలీ పెట్టిన లీ డి ఫారెస్ట్‌కే అదెందుకు పనిచేస్తోందో తెలియదు. బుడ్డిలో కొంచెం గ్యాసు మిగలాల్సిందేనని పట్టుబట్టాడు. అసలు సంగతి 1914లో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కొలిచి చూపించాడు. గ్యాసు ఎంత తోడేస్తే అంత మంచిదని ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ తేల్చాడు.

ఇక నాకు నిద్రపట్టనివ్వని భాగం. జాలీ వోల్టేజికీ ప్లేటు కరెంటుకూ ఉన్న లెక్క తిన్నని గీత కాదు, పైకి వంగిన గీత. అందుకే అల పైసగం కాస్త సాగుతుంది, కిందిసగం కాస్త నొక్కుకుపోతుంది. ఆ వంపు వల్ల పాటలో లేని స్వరాలు పుడతాయి. కూరగాయలమ్మే ఆవిడ వేసే కొసరులాంటివన్నమాట. ప్రతి స్వరానికి దాని రెట్టింపు, ఏ రెండు స్వరాలు కలిసినా వాటి మొత్తం, వాటి తేడా.

షడ్జం 240 హెర్ట్జ్, పంచమం 360 అనుకోండి. రెట్టింపులు 480, 720. పై సా, పై పా. తేడా 120, కింది సా. మొత్తం 600. అది పై స్థాయి అంతర గాంధారం! బాగా శ్రుతి చేసిన తంబురాలో మీటకుండానే వినబడే గాంధారం సరిగ్గా అక్కడే ఉంటుంది. గొంతు పక్కన కూచోక ఏం చేస్తుంది?

ఇప్పుడు సా, రీ కలిపి మోగించండి. 240, 270. మొత్తం 510. పై సా 480కీ పై రీ 540కీ నట్టనడుమ, ఎవరికీ చెందని ధ్వని. ఇరవై వయొలిన్ల నుంచి ఇలాంటివి ఎన్ని పుడతాయో లెక్కేసుకోండి. పైగా వాల్యూమ్ పెంచి సిగ్నల్ రెట్టింపు చేస్తే కొసరు నాలుగింతలవుతుంది.

"ట్యూబంటేనే సరి హార్మోనిక్కుల తీపి", అంటే రెట్టింపు స్వరంలాంటి కొసర్ల తీపి, అనేవాళ్లతో నాకు పేచీ. 1947లో విలియమ్సన్ అనే ఇంజనీరు గీసిన సర్క్యూట్లో రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేసి ఆ సరి హార్మోనిక్కులనే చాలావరకు కొట్టేసుకుంటాయి. అదీ ట్యూబే, దాన్నీ జనం నెత్తిన పెట్టుకున్నారు.

మీ 300బి వల్ల ఉపయోగమా? ఎనిమిది వాట్ల పాటకు దానికి ఎన్నో రెట్ల కరెంటు తాగి, సూరత్ ఎండల్లో గదికి ఇంకో పొయ్యి అవుతుంది. ఇక చెవి మాటకొస్తే, రోజంతా సాంచాల మోత విన్నాక 4,000 హెర్ట్జ్ దగ్గర చురుకు కొన్ని గంటలపాటు తగ్గుతుంది. సెలవురోజు పొద్దున్నే ఆ సినిమా పాట సన్నగా పెట్టి మళ్లీ వినండి. యాంప్లిఫయర్ మూత మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు ఉండిపోవచ్చు.