వేలికి తొడిగే గోరు



మన పల్లె సంఘాలలో ఆరాధనకు హార్మోనియము, డోలక్, తాళాలు ఉంటాయి. కొన్నిచోట్ల కీబోర్డు కూడా వచ్చింది. స్టీల్ గిటారు మాత్రం మనకు అరుదు. అయితే అమెరికాలో నల్లజాతి సహోదరుల పెంతెకొస్తు సంఘము ఒకటి ఉంది. 1903లో మేరీ మాగ్డలీనా టేట్ అనే దైవసేవకురాలు దానిని ప్రారంభించారు. పేరు హౌస్ ఆఫ్ గాడ్. 1930ల చివరి నుండి ఆ సంఘములో ఆరాధనను నడిపించే వాద్యము స్టీల్ గిటారే. ట్రోమన్ ఈసన్ అనే సహోదరుడు హవాయి దీవులవాని వద్ద దానిని నేర్చుకొని సంఘములోనికి తెచ్చాడు. అతని తమ్ముడు విల్లీ ఈసన్ ఆ తీగల చేత మనిషి గొంతులా పాడించాడు. ప్రసంగీకుడు ఒక మాట అంటే గిటారు దానికి బదులు పలికేది. 1997లో ఆ సంగీతము రికార్డుగా వచ్చాకే బయటివారికి బాగా తెలిసింది.

గిటారును ఒడిలో పడుకోబెట్టి, ఎడమచేత ఇనుప కడ్డీని తీగలపై జరుపుతూ, కుడిచేత మీటుతారు. మన దక్షిణాది గోటువాద్యము చూసినవారికి ఇది వింత కాదు. వినేవారి కన్ను ఎప్పుడూ ఆ కడ్డీ మీదే ఉంటుంది. నేర్చుకొనేవారిని ఏడిపించేది మాత్రం కుడిచేయి, దాని వేళ్లకు తొడిగే పిక్కులు.

సాధారణంగా మూడు కావాలి. బొటనవేలికి ప్లాస్టిక్‌ది ఒకటి, చూపుడువేలికి, నడిమివేలికి లోహపువి రెండు. ఉట్టి వేళ్లతో వాయించకూడదా? వాయించవచ్చు, నాదము మెత్తగా వస్తుంది. కానీ నాలుగు పాటలయ్యేసరికి ఇనుప తీగలు చర్మాన్ని కోస్తాయి. పిక్కు మాట ఎవరూ చెప్పక, వేళ్లు బొబ్బలెక్కి వాద్యము మూలన పెట్టే పిల్లలుంటారు. అందుకే ఇంత వివరంగా వ్రాస్తున్నాము.

మొదట మేమూ తిరగేసి తొడిగాము. గోరు అనుకొన్నాము కదా, గోటి మీదికే పెట్టాము! నిజానికి దాని రేకు వేలి లోపలివైపున, మెత్తటి భాగము మీద ఉండాలి. ఆ రేకు నిటారుగా ఉంటే తీగను కొక్కెములా పట్టుకొంటుంది. వేలికొన వంపును అనుసరించి పైకి వంచితే తీగ మీద నుండి జారిపోతుంది. పట్టకారుకు గుడ్డ చుట్టి కొంచెము కొంచెముగా వంచాలి.

లోహపు పిక్కుల మీద మందము అంగుళములో వెయ్యో వంతుల లెక్కన ఉంటుంది. 0.013 పలుచన, 0.025 బాగా మందము. పలుచనిది చేత్తోనే వంగుతుంది గాని గట్టిగా మీటితే సాగిపోతుంది. మందమైనది నిలుస్తుంది గాని లేత వేలికి అమర్చడం కష్టము. క్రొత్తవారు 0.018 లేక 0.020తో మొదలుపెట్టడం మంచిదని మా అభిప్రాయము. ఇత్తడిదా, స్టీలుదా అని చాలామంది వాదించుకొంటారు. నాదములో తేడా ఉన్నమాట నిజమే, కానీ సరిగా కుదరని పిక్కు ఏ లోహానిదైనా టకటకమంటుంది. డబ్బు లోహము కోసము పోయకండి. రెండు మందాలలో ఒక్కొక్క జత కొని చూడండి, చాలు. నికెల్ సిల్వర్ అని వ్రాసి ఉంటే వెండి అనుకొని ఎక్కువ ఇవ్వకండి. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమము. గిల్టు నగలకు దురద పుట్టే చర్మమైతే అది మీకు పడకపోవచ్చు.

బిగువు సంగతి పొలము పని చేసే చేతులవారు ముఖ్యంగా గమనించాలి. ఉదయము సరిపోయినది సాయంత్రము పనిచేసి వచ్చిన వేలికి బిగుతవుతుంది. వేలికొన నీలమెక్కినా, తిమ్మిరెక్కినా వెంటనే తీసి పట్టీని వెడల్పు చేయండి. మీరు వాయించే వేళకే కొలత చూసుకోండి. బొటనవేలిది బిగుతుగా ఉంటే వేడినీళ్లలో కాసేపు ఉంచితే వంగుతుంది. దీపము మీద మాత్రము కాచకండి. సెల్యులాయిడ్‌తో చేసినవి భగ్గున అంటుకొంటాయి.

33వ కీర్తన 3వ వచనము వాయించే చేతికి నేర్పు ఉండాలని చెబుతుంది. ఆ నేర్పులో ఒక భాగము శబ్దము చేయకుండా ఉండడము. ఇంకా మ్రోగుతున్న తీగకు లోహము తగిలితే చిట్‌మని చప్పుడవుతుంది. స్పీకరు పెట్టినప్పుడు ప్రార్థన మధ్య అది ఎంత పెద్దగా వినబడుతుందో చెప్పనక్కరలేదు. అరచేతి అంచుతో తీగను ఆపి, తరువాత మీటడము ఇంటివద్దే సాధన చేయాలి.

వదులుగా ఉంటే ఏమవుతుందో కూడా మాకు తెలుసు. ఒక ఆదివారము పాట మధ్యలో మా నడిమివేలి పిక్కు ఎగిరి స్త్రీలు కూర్చున్న వైపు పడింది. మిగిలిన రెండింటితోనే పాట ముగించాము. ఆశీర్వాదము అయ్యాక చాపలు మడుస్తుంటే పాస్టరమ్మగారికి దొరికింది. “ఇది ఎవరి పాప గజ్జె విరిగింది?” అని ఆమె అందరినీ అడుగుతూ వచ్చారు.