టీవీలో బడి

పిల్లలూ! కరోనా వల్ల 2020 మార్చిలో బడులు మూతపడినవి. ఆ యేడు సెప్టెంబరు 1 నుండి తెలంగాణా ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో పాఠాలు వచ్చినవి. హైదరాబాదులో చెప్పిన పాఠము మా చిల్పూరు గుట్ట కింది యిళ్లలోనూ వినబడింది! ఫోనులో దాచుకొంటే ఎన్నిసార్లయినా వినవచ్చును. ఇది గొప్ప మేలే.

కాని ఒకనాడు మా మనుమరాలు టీవీ ముందు కూర్చుని, 1/2కు 1/3 కలిపి 2/5 అని వ్రాసింది. ఆ తప్పు టీవీలోని పంతులుగారికి కనబడలేదు, పాఠము సాగిపోయింది.

"సగము రొట్టెకు ఇంకొక ముక్క కలిపితే, సగము కన్న తగ్గిందేమమ్మా?" అన్నాను. పిల్ల నవ్వి, 5/6 అని దిద్దుకొన్నది.

కనుక విన్నది వ్రాయండి, వ్రాసినది పెద్దలకు చూపండి. పెద్దలారా! మీకు లెక్కలు రాకపోయినా, "ఇది ఎట్లా వచ్చింది, చెప్పు" అని అడగండి. చెప్పబోతూ పిల్లలే తప్పు పట్టుకొంటారు.