కథకు మరో గొంతు

అక్షరాలు కూడబలుక్కొని చదవడం అక్షరాస్యతకు తొలిమెట్టు మాత్రమే. చదివిన విషయాన్ని ఎవరు చెప్పారు, ఎవరి పక్షాన చెప్పారు, ఏమి చెప్పకుండా విడిచిపెట్టారు అని ఆలోచించగలగడం పైమెట్టు. దీనినే విద్యావేత్తలు విమర్శనాత్మక అక్షరాస్యత అంటారు. అక్షరాన్ని చదవడమూ లోకాన్ని చదవడమూ వేరు కావని బ్రెజిల్ విద్యావేత్త పావ్లో ఫ్రెయిరీ (1921–1997) బోధించాడు. ఈ నేర్పును పిల్లలకు అలవరచడానికి ఖరీదైన సాధనాలు అక్కరలేదు. తరతరాలుగా చెప్పుకొంటున్న పాతకథలే చాలు.

తెలుగువారికి చిరపరిచితమైన ఆవు–పులి కథనే తీసుకొందాం. పదిహేనవ శతాబ్దికి చెందిన అనంతామాత్యుడు 'భోజరాజీయము'లో దీనిని గోవ్యాఘ్ర సంవాదంగా తీర్చిదిద్దాడు. ఆకలిగొన్న పులికి చిక్కిన ఆవు, దూడకు పాలిచ్చి తిరిగి వస్తానని మాట ఇస్తుంది. ఆడిన మాట తప్పక వచ్చిన ఆవును చూచి పులి మనసు మారుతుంది. దానిని చంపడానికి నిరాకరిస్తుంది. కన్నడ జానపదుల 'పుణ్యకోటి' పాటలోనూ ఇదే కథ ఉంది. అయితే అందులో పులి పశ్చాత్తాపంతో తన ప్రాణాలనే విడుస్తుంది. కథ ఒక్కటే అయినా చెప్పేవారిని బట్టి ముగింపు మారుతుందని పిల్లలు ఇక్కడే గ్రహిస్తారు.

సాధారణంగా, సత్యమే గొప్పదన్న నీతిని ఒప్పజెప్పించడంతో పాఠం ముగుస్తుంది. ఉపాధ్యాయుడు అక్కడ ఆగక, ఇదే కథను దూడ నోట చెప్పమని అడగవచ్చు. తల్లి వెళ్ళిన దారినే చూస్తూ దూడ ఏమనుకొని ఉంటుంది? పులి నోట చెప్పిస్తే మరో ప్రశ్న పుడుతుంది: వేటే జీవనాధారమైన ప్రాణికి ఆకలి వేయడం నేరమా? ఇంకొంచెం లోతుకు వెళితే అసలు ప్రశ్న ఎదురవుతుంది. ఆవు మాట ఇచ్చింది. పులి ఏ మాటా ఇవ్వలేదు. సత్యవ్రతానికి పరీక్ష ఎప్పుడూ బలహీనులకేనా?

ఇట్టి ప్రశ్నలు సంప్రదాయానికి అపచారమని కొందరు శంకిస్తారు. కాని తిరిగి చెప్పడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. రామకథను రంగనాథ రామాయణం ఒక తీరున, మొల్ల మరో తీరున చెప్పాయి. కావ్యాలలో మరుగున పడిన ఊర్మిళకు స్త్రీల పాటలు గొంతునిచ్చాయి. సీత శూర్పణఖతో, అహల్యతో మాట్లాడినట్లు ఓల్గా రచించిన 'విముక్త' కథాసంపుటి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది.

అయితే ప్రశ్నించడం అంటే పరిహసించడం కాదు. ముందు మూలకథను శ్రద్ధగా చదవాలి. తరువాత తమ మాటలలో తిరిగి చెప్పాలి. తాము మార్చినదేమిటో, ఎందుకు మార్చారో కథలోని ఆధారాలతో వివరించాలి. ఉపాధ్యాయుడు తన అభిప్రాయాన్ని పిల్లల నోట పలికిస్తే, పాత నీతి స్థానంలో కొత్త నీతిని కంఠస్థం చేయించినట్లే అవుతుంది.

దూడ పక్షం నుండి కథ చెప్పడం నేర్చిన విద్యార్థి, పత్రికలోని వార్తను, ప్రకటనలోని ఆకర్షణను, చేతిలోని ఫోనుకు చేరిన వదంతిని కూడా అదే దృష్టితో పరిశీలిస్తాడు. ఇందులో ఎవరి మాట వినిపించలేదని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న అలవడితే చదువు సార్థకమైనట్లే.