చికిత్స ముగిసిన పిమ్మట

దేహమునకు వచ్చిన వ్యాధినిగూర్చి వైద్యులు చెప్పుదురు, గ్రంథములును చెప్పును. ఆ వ్యాధి కుదిరిన పిమ్మట మనస్సును పట్టుకొని విడువని భయమునుగూర్చి చెప్పువారు తక్కువ. మేము దానిని స్వయముగా ననుభవించితిమి. మనలో నెవరికైన నుపయోగపడునేమో యని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రెండేండ్ల క్రిందట నొక పేరంటమున మా మెడకు గంధము పూయుచు పొరుగింటి పిన్నిగారు చేయి నిలిపి, "ఇదేమమ్మా, గోలీకాయవలె చేతికి తగులుచున్నది?" అనిరి. నొప్పి లేదు. గుటక వేసినపుడు మాత్రము పైకి లేచి క్రిందికి దిగుచుండెను. వైద్యులు సన్నని సూదితో కణములను తీసి పరీక్షించి, అది థైరాయిడు గ్రంథికి వచ్చిన క్యాన్సరని తేల్చిరి.

కంఠము ముందుభాగమున, సీతాకోకచిలుక రెక్కలు విప్పిన యాకారముతో నుండు చిన్న గ్రంథి యిది. బరువు సుమారు 20 గ్రాములు. దీనినుండి పుట్టు రసము గుండెవేగమును, దేహమందలి వేడిమిని నడపుచుండును. ఈ గ్రంథి క్యాన్సరు పురుషులకంటె స్త్రీలకు సుమారు మూడు రెట్లెక్కువగా వచ్చును. ఇందు పాపిల్లరీ యను రకమే విశేషము. అది సాధారణముగా మెల్లగా పెరుగును. తగిన చికిత్స జరిగినచో అత్యధికులు దీర్ఘకాలము సుఖముగా జీవింతురు.

మాకు గ్రంథిని పూర్తిగా తొలగించిరి. పిమ్మట రేడియోధార్మిక అయొడిను గుళిక నిచ్చిరి. అయొడినును పీల్చుకొనుట థైరాయిడు కణముల స్వభావము గావున, శస్త్రమునకు చిక్కక మిగిలిన కణములను ఆ గుళిక నశింపజేయును. అందరికి నిది యవసరము కాదు. అది మ్రింగినవారు కొన్నిదినములు పిల్లలకును, గర్భవతులకును దూరముగా నుండవలెను. ప్రత్యేకపు గదిలో నొంటిగా నున్నప్పుడు, గరళమును కంఠమున నిలిపిన పరమేశ్వరుడు మాకు పలుమాఱులు జ్ఞప్తికి వచ్చెను.

ఇంటికి వచ్చితిమి. చూడవచ్చిన వారందఱును "ఇది మంచి క్యాన్సరేనటగదా, అదృష్టవంతురాలవు" అనిరి. ఓదార్చుటకే యనిరి. కాని యా మాట విన్న పిమ్మట భయమగుచున్నదని చెప్పుకొనుటకు మాకు సిగ్గయ్యెను. రాత్రివేళ లేచి మెడ తడిమి చూచుకొనుట, చిన్న దగ్గు వచ్చినను వ్యాధి తిరుగబెట్టెనని గుండె జాఱుట, ఆఱునెలల కొకమాఱు జరుగు పరీక్షకు పదిదినములు ముందే యన్నము సహింపకపోవుట – ఇవి మా నిత్యకృత్యము లయ్యెను. మచ్చ కనబడునని పేరంటములు మానితిమి.

ఒకనాడు ఎనిమిదేండ్ల మా కుమార్తె అద్దము ముందు నిలిచి, రెండు వ్రేళ్లతో తన మెడను తడుముకొనుచుండెను. "ఏమి తల్లీ?" అని యడిగితిమి. "నీవు రోజూ చూచుకొందువు గదమ్మా! నాకును వచ్చినదేమో యని చూచుచున్నాను" అనెను. మేము దాచితి మనుకొన్న భయమును బిడ్డ నేర్చుకొనినది!

ఆ రాత్రియే మా వారితో సర్వమును చెప్పితిమి. వారు మమ్ము వైద్యురాలియొద్దకు తీసికొనిపోయిరి. ఆమె రక్తపరీక్ష చేయించి చెప్పిన సంగతి ప్రతి స్త్రీయు తెలిసికొనదగినది. గ్రంథి లేనివారు ప్రతిదినము థైరాక్సిను మాత్ర వేసికొనవలెను. మోతా దెక్కువైనచో గుండెదడ, చేతుల వణకు, నిద్రలేమి, కారణములేని కలవరము కలుగును. తక్కువైనచో నీరసము, దిగులు కలుగును. వ్యాధి తిరిగి రాకుండుటకై కొందఱికి వైద్యులు బుద్ధిపూర్వకముగనే కొంచె మెక్కువ యిత్తురు. మా కలవరములో కొంత మాత్రవలన కలిగినదని తెలిసెను. ఆమె మోతాదు సవరించి ఆఱు వారములకు మరల పరీక్షించిరి. మనంతట మనము దానిని మార్చరాదు. మాత్రను పరగడుపున నీటితో వేసికొని, అరగంట మొదలు గంటవఱకు కాఫీ త్రాగరాదు. ఇనుము, కాల్షియము మాత్రలకు నాలుగు గంటల యెడ ముండవలెను.

మిగిలిన భయము మనస్సుది. దానికి మా వారొక యుపాయము చెప్పిరి. "పరీక్షాఫలితములు రాకముందే దినమునకు నూఱుమాఱులు తప్పు పిల్లలను చూచితిని. నిజముగా తప్పినను ఒకమాఱే గదా! నీ భయమునకు నొక గంట నిర్ణయింపుము" అనిరి. నాటినుండి దీపము పెట్టిన పిమ్మట పదునైదు నిమిషములు చింతకు కేటాయించితిమి. భయములన్నియు నొక పుస్తకమున వ్రాయుదుము: వైద్యురాలి నడుగదగినవి ఒకప్రక్క, ఎవరును చెప్పజాలనివి మఱియొక ప్రక్క. పగలు దిగులు తోచినచో సాయంకాలమునకు వాయిదా వేయుదుము. సాయంకాలమునకు సగము భయములు తమంతట తామే మాసిపోవుచుండెను.

కంఠమునకు తీయు అల్ట్రాసౌండును, థైరోగ్లోబ్యులిను అను రక్తపరీక్షయు మా వ్రేళ్లకంటె సూక్ష్మముగా చెప్పగలవు. కావున చేయి మెడమీదికి పోయినపుడెల్ల దానికి బియ్యపు చేటయో, కుట్టుపనియో యిచ్చితిమి. బిడ్డకు, "అమ్మకు జబ్బు చేసినది; వైద్యము జరిగినది; అది అంటుకొనునది కాదు. భయము వేసినపుడు ఇద్దఱము చెప్పుకొందము" అని వివరించితిమి.

ఇంతచేసినను రెండువారములపాటు నిద్రాహారములు తప్పినను, బ్రదుకు బరువని తోచినను, మానసిక వైద్యుల నాశ్రయించుట తప్పు కాదు. ప్రభుత్వమువారు 2022లో నెలకొల్పిన టెలీ మానస్ 14416 సంఖ్యకు ఫోను చేసినచో నుచితముగా, తెలుగులోనే మాటలాడవచ్చును.

గత శ్రావణమున మరల పేరంటమునకు పోయితిమి. గంధము పూయుచు పిన్నిగారి చేయి మచ్చకడ సందేహించెను. "పూయుడు పిన్నిగారూ, నొప్పి లేదు" అంటిమి. గంధము చల్లగా నుండెను.

వచ్చు నెలలో పరీక్ష యున్నది. భయము లేదని చెప్పజాలము. దాని వేళకు మాత్ర మది వచ్చి పోవుచున్నది. సోదరీమణులారా! మీ యెఱుకలో నిట్టి వ్యాధినుండి కోలుకొనినవా రున్నచో, "మంచి క్యాన్సరే" యనకుడు. ప్రక్కన కూర్చుండి "భయముగా నున్నదా?" యని యడుగుడు. అది యెంతటి యుపశమనమో మే మెఱుగుదుము.