కిరీటం అద్దెదైతే బహుమతి ఎవరికి?

వేషధారణ పోటీలకు నియమాల కరువు

చోడవరం: వేదిక పక్క పందిరి కింద కృష్ణులు నలుగురైదుగురు బారులు తీరి ఉంటారు. ఒకరి పింఛం పక్కకు ఒరుగుతుంటే మరొకరి నీలిరంగు చెమటకు కరిగి పట్టుపంచె మీదకు కారుతుంటుంది. వారి వెనుక కాషాయ గుడ్డల్లో అల్లూరి సీతారామరాజు అంటించిన గడ్డం గోక్కుంటూ నిలబడతాడు. గాంధీ తాత కళ్ళద్దాలు అమ్మకిచ్చి కుర్చీలోనే నిద్రపోతాడు. మైకులో పేరు పిలవగానే లేపి, కర్ర చేతికిచ్చి మెట్లెక్కిస్తారు. వేదిక మీద ఉండేది రెండు నిమిషాలు. దానికోసం ఇంటిల్లిపాదీ పడిన హైరానా మాత్రం వారం రోజులది.

వినాయక చవితి పందిళ్ళలోను, సంక్రాంతి సంబరాల్లోను, ఆగస్టు 15న, బడుల వార్షికోత్సవాల్లోను విచిత్ర వేషధారణ పోటీలు పెట్టడం ఈ ప్రాంతంలో పరిపాటి. స్వయంభూ విఘ్నేశ్వరుడు వెలసిన ఊరు గనుక చోడవరంలో చవితి సందడి గురించి వేరే చెప్పనవసరం లేదు. 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా నుంచి విడివడి ఊరు అనకాపల్లి జిల్లాలో చేరింది గాని, పండగల తీరు మారలేదు. అయితే ఇలాంటి పోటీల కరపత్రాల్లో సాధారణంగా ఒక్క పంక్తే కనిపిస్తుంది. పాల్గొనదలచినవారు ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి అని. ఏ వయసువారు రావాలి, ఎంతసేపు ఉండాలి, వేషం ఇంట్లో తయారు చేసిందా, అద్దెకు తెచ్చిందా, మాటలు చెప్పాలా అక్కర్లేదా, దేనికి ఎన్ని మార్కులు అనే సంగతులేవీ అందులో ఉండవు. బహుమతులు ప్రకటించాక గొడవ మొదలవుతుంది. గొడవ పెద్దలది, ఏడుపు పిల్లలది.

అద్దె కృష్ణులు, అట్ట కిరీటాలు

గొడవల్లో ఎక్కువ భాగం అద్దె సామాను దగ్గరే వస్తుంది. డబ్బున్నవారు అనకాపల్లి నుంచో విశాఖపట్నం నుంచో జరీ పనితనం చేసిన దుస్తులు, మెరిసే కిరీటం, నగలు అద్దెకు తెస్తారు. ముఖానికి రంగు వేయడానికి మనిషిని కూడా పిలిపిస్తారు. చెరకు తోటలో కూలికి వెళ్ళే తల్లి పెళ్ళి పత్రికల అట్ట కత్తిరించి, బంగారు కాగితం అంటించి, పాత చీర అంచు కుట్టి కిరీటం చేస్తుంది. వేదిక మీద లైటు పడగానే అద్దె కిరీటం ధగధగలాడుతుంది. మొదటి బహుమతి అటే వెళుతుంది. న్యాయనిర్ణేతలది తప్పని అనడానికి లేదు. చూడమన్నది వేషాన్ని, చూశారు. దాన్ని ఎవరు చేశారో అడగమని వారికి ఎవరూ చెప్పలేదు.

బయటి దేశాల్లో ఈ చిక్కును చాలాకాలం కిందటే గుర్తించారు. 1939లో న్యూయార్కు నగరంలో వైజ్ఞానిక కల్పనా కథల అభిమానులు తొలి ప్రపంచ సభ జరుపుకున్నారు. ఫారెస్ట్ అకెర్మన్, మిర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు ఆ సభకు రాబోయే కాలపు మనుషుల వేషాల్లో వెళ్ళారు. ఆ రెండు వేషాలూ కుట్టింది డగ్లసే. మరుసటి ఏడాది షికాగో సభలో వేషాలకు పోటీయే పెట్టారు. అభిమానుల వేషాలకు ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న కాస్‌ప్లే అనే పేరు 1980లలో జపానులో పుట్టింది. ఆ దేశంలోని నగోయా నగరంలో 2003లో మొదలైన ప్రపంచ కాస్‌ప్లే సమావేశంలో పోటీకి దిగేవారు తమ వేషాన్ని తామే తయారు చేసుకోవాలి. కొనుక్కొచ్చిన దుస్తులతో గెలుస్తామంటే కుదరదు. హైదరాబాదులో 2013 నుంచి జరుగుతున్న కామిక్ కాన్‌కు కూడా మన కుర్రకారు బొమ్మల కథల వీరుల వేషాలు వేసుకుని వెళుతున్నారు. స్పాంజి అట్టను వేడిచేసి వంచి కవచం చేయడం, ఇనుములా కనిపించేలా దానికి రంగు వేయడం వారికి పెద్ద విద్య. నెలల తరబడి చేస్తారు.

అట్టకు బంగారు కాగితం అంటించిన తల్లి చేసిందీ ఆ పనే. తేడా అల్లా అక్కడ ఆ పనికి మార్కులున్నాయి, ఇక్కడ లేవు. సొంతంగా చేసినవి ఒక విభాగం, అద్దెకు తెచ్చినవి మరో విభాగం అని విడగొట్టి, వేషం ఎలా తయారైందో పిల్లల చేతనే రెండు ముక్కలు చెప్పిస్తే సగం తగవు అక్కడే తీరుతుంది. ఖర్చు కూడా ఏమీ లేదు.

నేల మీద నెగ్గిన వేషం

వేషం కట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. సంక్రాంతి వెళ్ళాక అనకాపల్లి గవరపాలెంలోను, చుట్టుపక్కల ఊళ్ళలోను జరిగే గౌరీపరమేశ్వరుల ఉత్సవాల్లో నేలవేషాలు, బండి వేషాలు చూడడానికి జనం తెల్లవార్లూ వీధుల్లోనే ఉంటారు. నేలవేషానికి వేదిక ఉండదు. చూసేవారికి, వేషగాడికి మధ్య నాలుగడుగుల దూరం కూడా ఉండదు. రంగు వెలిసినా, అడుగు తడబడినా ముందు వరసలో కూర్చున్న పిల్లలే పట్టేస్తారు. అంతకు మించిన న్యాయనిర్ణేతలు లేరు.

పగటి వేషగాళ్ళ సంగతి ఇంకా కష్టం. రాత్రి దీపాల వెలుగులో కొన్ని లోపాలు దాగుతాయి గాని, పట్టపగలు వీధిలో ఏదీ దాగదు. ఫకీరు వేషం వేస్తే ఇంటివారు నిజంగా ఫకీరే వచ్చాడనుకోవాలి. సోమయాజులు, సోమిదేవి వేషాలకు మాట యాస, నడక, చీర కట్టు అన్నీ కుదరాలి. అర్ధనారీశ్వర వేషంలో మనిషి ఒక్కడే. ఒక పక్క శివుడు, ఒక పక్క పార్వతి. మధ్యలో గుడ్డను అడ్డం పెట్టుకుని ఇటు తిరిగితే పురుషుడి గొంతు, అటు తిరిగితే స్త్రీ గొంతు. వేషం విప్పేదాకా పాత్రను విడవకూడదన్నది వారి కట్టుబాటు. ఎక్కడా రాసి ఉండదు, అయినా తప్పరు.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో కట్టుబాటు మరీ గట్టిది. ఒక్కో రోజుకు ఒక్కో వేషం. బైరాగి వేషానికి తెల్లనామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం ఒంటికి పూసుకుంటారు. మాతంగి వేషం, సున్నపు కుండలు తరువాత వస్తాయి. మొక్కుకున్న మగవారు చీర కట్టి, పూలు పెట్టుకుని బజారున నడుస్తారు. నవ్వేవారు ఉండరు. అక్కడ బహుమతీ లేదు, మార్కులూ లేవు.

ఇంత సంప్రదాయం ఉన్నచోట పోటీల్లో మాత్రం పాత్రకు విలువ తగ్గిపోయింది. పిల్లవాడు వేదిక మీదకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడి, కంఠస్థం చేసిన నాలుగు వాక్యాలు గబగబా అప్పజెప్పి దిగిపోతాడు. కృష్ణుడూ అంతే, భగత్‌సింగూ అంతే. కృష్ణుడి విషయంలో ఒక తమాషా కూడా ఉంది. తల్లిదండ్రుల మనసులో ఉన్నది 1957 నాటి మాయాబజార్‌లో ఎన్.టి.రామారావు కృష్ణుడు. ఆయన మేని రంగులోనే పిల్లవాడికి నీలం పూయమంటారు. ఆ సినిమా అసలు నలుపు తెలుపుల్లో తీసింది. రంగులు 2010లో అద్దారు.

బాణానికి ములుకు ఉండకూడదు

పోటీ నియమాల్లో మొదట రాయవలసింది ప్రాణానికి సంబంధించినది. ఈ ప్రాంతపు పిల్లలకు అల్లూరి వేషం మీద మోజు ఎక్కువ. ఆయన 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణా మీద దాడి చేసిందీ, ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట ఉన్నదీ ఈ వైపే కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. విల్లు సహజంగా ఉండాలని ఇనుప ములుకుల బాణాలు పిల్లల చేతికిచ్చేవారున్నారు. వేదిక వెనుక ఇరవై మంది చిన్నపిల్లలు కిక్కిరిసి ఉన్నచోట అది ఎవరి కంట్లో గుచ్చుకుంటుందో చెప్పలేం. పెద్ద నగరాల కాస్‌ప్లే పోటీల్లో కత్తి అయినా, గద అయినా ద్వారం దగ్గరే పరీక్షిస్తారు. పదునున్నది, నిజమైన ఆయుధం లోపలికి రానివ్వరు. అట్ట, స్పాంజి, తేలిక చెక్కతో చేసినవే అనుమతిస్తారు.

రంగుల సంగతీ అంతే. తలుపులకు వేసే రంగును పులివేషానికని ఒంటికి పూసి, తరువాత కిరసనాయిలుతో తుడిచే పద్ధతి పెద్దవాళ్ళకే మంచిది కాదు. పసిపిల్లల చర్మం అసలే తట్టుకోలేదు. ముఖానికి తొడుగు వేస్తే కళ్ళకు, ముక్కుకు సరిపడా రంధ్రాలుండాలి. హనుమంతుడి తోక చివర నిప్పు అంటించే సరదా ఎవరికైనా ఉంటే ముందే వద్దని చెప్పాలి. పందిరి గుడ్డది, పక్కనున్న కిరీటం కాగితానిది.

ఒక్కొక్కప్పుడు నియమం నవ్వు తెప్పించే కారణంతో కూడా పుడుతుంది. 1972లో లాస్ ఏంజిలిస్‌లో జరిగిన ప్రపంచ వైజ్ఞానిక కల్పనా కథల సభకు స్కాట్ షా అనే కార్టూనిస్టు ఒంటినిండా వేరుశనగ ముద్ద పూసుకుని వచ్చాడు. అక్కడివారు రొట్టె మీద రాసుకునే పీనట్ బటర్ అది. లైట్ల వేడికి ముద్ద కంపు కొట్టడం మొదలుపెట్టింది. పక్కవారి వేషాలకు, కుర్చీలకు అంటుకుంది. అప్పటి నుంచి వేరుశనగ ముద్దతో వేషం వేయరాదని అక్కడి పోటీలవారు ప్రత్యేకంగా రాసుకున్నారు. మన పోటీల్లో మసి పూసుకుని వచ్చిన పిల్లవాడు పక్కనున్న సరస్వతీదేవి తెల్లచీర పాడుచేసినప్పుడు ఆ నియమం విలువ తెలుస్తుంది.

జెండా చుట్టుకోరాదు

ఆగస్టు 15న, జనవరి 26న భారతమాతలు ఎక్కువగా వస్తారు. మూడు రంగుల చీర కట్టడం వేరు, జాతీయ జెండానే తెచ్చి నడుముకు చుట్టడం వేరు. జాతీయ గౌరవానికి భంగం కలిగించడాన్ని నిషేధించే 1971 నాటి చట్టం ప్రకారం జెండాను నడుము కింద దుస్తులుగా వాడడం నేరం. అలాంటి అవమానాలకు మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియక భక్తితోనే చేస్తారు. నిర్వాహకులు ముందు చెబితే సరిపోతుంది.

ఇంతకంటే తరచుగా జరిగేది, ఎవరూ పట్టించుకోనిది మరొకటి ఉంది. ఒంటికి మసి పూసి, నడుముకు ఆకులు కట్టి, నెత్తిన ఈకలు గుచ్చి, అర్థం లేని అరుపులు అరిపించి దానికి కొండవాడి వేషం అని పేరు పెట్టడం. జనం విరగబడి నవ్వుతారు. బహుమతి కూడా వస్తుంది. చోడవరం నుంచి మాడుగుల మీదుగా బస్సెక్కితే పాడేరు ఎంతో దూరం లేదు. ఆ కొండల మీది ఆడవారు చీరను మోకాళ్ళ వరకు ఎత్తి, భుజం మీద ముడివేసి కట్టే తీరు ఎంత అందంగా ఉంటుందో థింసా నృత్యం చూసినవారికి తెలుసు. అక్కడ ఆకులు చుట్టుకుని అరిచేవారెవరూ లేరు. ఆ ఊళ్ళ నుంచి వచ్చి మైదాన ప్రాంతపు హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు ప్రేక్షకుల్లో ఉంటే ఆ రెండు నిమిషాలు తల ఎక్కడ పెట్టుకోవాలి? ఒక వంక అల్లూరి వేషానికి చప్పట్లు, మరో వంక ఆయన వెంట నడిచి ప్రాణాలిచ్చిన వారి వేషానికి వెక్కిరింత. రెండూ ఒకే వేదిక మీద, ఒకే సాయంత్రం.

ఒక కులాన్నిగాని, వృత్తినిగాని, అంగవైకల్యాన్నిగాని ఎగతాళి చేసే వేషాలకు ప్రవేశం లేదని ఒక్క ముక్క రాస్తే చాలు. థింసా వేషం వేయదలచినవారిని ఎవరూ కాదనరు. కట్టు తెలిసినవారిని అడిగి నేర్చుకుని వేయాలి.

పిల్లవాడి ఇష్టం

మూడేళ్ళ పిల్లకు ఝాన్సీ లక్ష్మీబాయి వేషం వేసి, నడుముకు కత్తి, వీపుకు బొమ్మ బిడ్డను కట్టి రెండు గంటలు కూర్చోబెడతారు. పేరు వచ్చేసరికి పిల్ల ఏడుస్తూ వేదిక ఎక్కనంటుంది. తల్లి లాక్కెళ్ళి నిలబెడుతుంది. ముఖ్య అతిథి ఆలస్యంగా రావడం వల్ల కార్యక్రమం వాయిదాపడడం మామూలే గనుక, చిన్నపిల్లల విభాగం ముందు ముగించాలన్న నియమం అన్నిటికంటే అవసరం. అయిదేళ్ళలోపు వారికి పోటీ పెట్టకుండా, వచ్చినవారందరికీ తలా ఒక పలకో, పెన్సిలు డబ్బానో ఇచ్చి పంపితే మేలనే తల్లిదండ్రులు ఉన్నారు.

వేషంలో ఉన్న అమ్మాయిలను అడగకుండా పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసి ఫోటో తీయించుకోవడం మరో బాధ. న్యూయార్కు కామిక్ కాన్‌లో 2014లో, వేషం వేసుకున్నంత మాత్రాన తాకడానికి అనుమతి ఇచ్చినట్టు కాదని పెద్ద బోర్డులే పెట్టారు. సెల్‌ఫోను ప్రతి చేతిలోనూ ఉన్న ఈ రోజుల్లో పందిరి దగ్గర అలాంటి బోర్డు ఒకటి ఇక్కడా ఉండవచ్చు.

చవితి కరపత్రాలు శ్రావణ మాసంలోనే అచ్చుకు వెళతాయి. పైన వినాయకుడి బొమ్మ, కింద కమిటీ సభ్యుల పేర్లు, అన్నసమారాధన వివరాలు, లడ్డూ వేలం తేదీ. ఇవన్నీ పోగా వెనుక పేజీ ఖాళీగానే ఉంటుంది.