మందు కొట్టిన చేనులో బడి ఈడు పిల్ల

సెప్టెంబరులో ఒక సాయంత్రం పన్నెండేళ్ల పాపను ఆటోలో మెట్‌పల్లిలోని మా ఆసుపత్రికి తెచ్చారు. వాంతులు, ఒళ్లంతా చెమటలు, నోటి నుంచి చొంగ. టార్చి వేసి చూస్తే కంటిపాపలు సూదిమొనంత ఉన్నాయి. పురుగుమందు తాగిందేమోనని అందరికీ అనుమానం. తాగలేదు. పొద్దున మందు కొట్టిన పత్తి చేనులో మధ్యాహ్నం దాకా కలుపు తీసింది, అంతే. బట్టలు మార్పించి, సబ్బునీళ్లతో ఒళ్లు కడిగించి అట్రోపిన్ మొదలుపెట్టాం. మూడో రోజుకు తేరుకుంది.

బడి ఎందుకు మాన్పించావని వాళ్లమ్మను అడిగాను. "బీడీల పని తగ్గింది సారూ. ఆయన దుబాయ్‌ల ఉన్నడు, రెండు నెలల సంది పైసలు పంపలే. పిల్ల వస్తే ఇంకో కూలి వస్తది గద" అంది. ఆ మాటకు నా దగ్గర మందుచీటీ లేదు.

పెద్దవాళ్లు తట్టుకునే మోతాదును పిల్లల శరీరం ఎందుకు తట్టుకోలేదు? బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం విస్తీర్ణం ఎక్కువ, శ్వాస వేగమూ ఎక్కువ. అందుకే అదే చేనులో, అదే రెండు గంటల్లో విషం వాళ్ల ఒంట్లోకి ఎక్కువగా చేరుతుంది. రోజూ కొంచెం కొంచెంగా చేరితే వాంతుల దాకా రాదు; తలనొప్పి, కళ్లు తిరగడం, నీరసం అంటూ వస్తారు. చాలాసార్లు మేము కూడా రక్తహీనత అని మాత్రలు రాసి పంపేస్తాం. ఏ చేనులో పని చేశావని అడగడం నేనే ఆలస్యంగా నేర్చుకున్నాను.

అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ 2025 జూన్‌లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో 13.8 కోట్ల మంది పిల్లలు పనిలో ఉన్నారు. వారిలో 61 శాతం వ్యవసాయంలోనే. హోటల్లో కప్పులు కడిగే పిల్లవాడు మన కంట పడతాడు. చేనులో వంగిన పిల్ల పడదు. 2016 సవరణ చట్టం 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదంది కానీ, బడి వేళల తర్వాత ఇంటి పనిలో సాయపడటాన్ని మినహాయించింది. "మా చేనే సారూ" అంటే అడిగేవారు తక్కువ.

డబ్బు సంగతికి వద్దాం. 1988లో మొదలైన జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు కింద, పని మాన్పించిన పిల్లలకు ప్రత్యేక శిక్షణ కేంద్రాలు నడిచేవి. ఆ పిల్లలకు ఇచ్చే భత్యం చివరికి నెలకు 400 రూపాయలు. 2021 ఏప్రిల్ నుంచి ఆ పథకాన్ని సమగ్ర శిక్షలో కలిపేశారు. ఇక చట్టం ప్రకారం యజమానికి పడే జరిమానా 20 వేల నుంచి 50 వేలు. అది పునరావాస నిధికి చేరితే ప్రభుత్వం ఒక్కో పిల్లకు మరో 15 వేలు కలపాలి. కాగితం మీద బాగుంది. కేసు లేకపోతే జరిమానా లేదు, జరిమానా రాకపోతే ఆ 15 వేలూ లేవు.

బయటి డబ్బూ తగ్గుతోంది. బాలకార్మిక నిర్మూలనకు పలు దేశాల్లో నడిచే ప్రాజెక్టులకు అమెరికా కార్మిక శాఖ ఇస్తున్న 50 కోట్ల డాలర్లకు పైగా నిధులు 2025 మార్చిలో రద్దయ్యాయి.

డబ్బును ఎక్కడ పెడితే ఫలితం ఉంటుందో మన తెలుగు నేలే ఒకసారి చూపింది. మహబూబ్‌నగర్, కర్నూలు ప్రాంతాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో పూలకు పరాగం అద్దే పనికి ఎక్కువగా ఆడపిల్లలనే పెట్టేవారు. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 2003లో దీన్ని బహుళజాతి విత్తన కంపెనీల పేర్లతో సహా బయటపెట్టారు. కంపెనీలు ఇచ్చే ధరతో పెద్దల కూలి గిట్టుబాటు కాదన్నది 2005 నాటి మరో అధ్యయనం తేల్చిన విషయం. శాంతా సిన్హా నాయకత్వంలోని ఎంవీ ఫౌండేషన్ వంటి సంస్థల ఒత్తిడి తోడయ్యాక, బేయర్ లాంటి కంపెనీలు పిల్లలను పెట్టని రైతులకు కొనుగోలు ధరపై 5 శాతం అదనంగా ఇచ్చాయి. దాడులు చేసి పిల్లలను పట్టుకొచ్చి ఫొటోలు దిగడం కంటే ఆ 5 శాతం మేలని నా అభిప్రాయం. రైతు చేతికి డబ్బు, పిల్లకు పక్కనే బడి. రెండూ కలిస్తేనే పని జరుగుతుంది.

పట్నంలో ఉంటూ ఊళ్లో చేను కౌలుకిచ్చిన వాళ్లు ఈ పేజీ చదివేవారిలో తప్పక ఉంటారు. కౌలు మాట్లాడేటప్పుడే పిల్లలను కూలికి పెట్టొద్దని చెప్పండి. మందు కొట్టిన చేనులోకి డబ్బా మీద రాసిన గడువు దాకా పెద్దవాళ్లూ దిగకూడదు. ఎవరికైనా విషం తగిలితే ముందు బట్టలు విప్పి, సబ్బుతో కడిగి 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. మందు డబ్బాను కూడా వెంట తెండి. దాని మీద పేరు చూస్తే మాకు సగం పని అయినట్టే. పనిలో పిల్ల కనిపిస్తే 1098కి చెప్పవచ్చు.

డిశ్చార్జి రోజు ఆ తల్లి, "హాస్టల్ల సీటు దొరుకుతదా సారూ?" అని అడిగింది. బడి మానేసిన ఆడపిల్లల కోసమే ఉన్న కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం గురించి చెప్పి, మండల విద్యాధికారి పేరున ఒక కాగితం రాసిచ్చాను. అక్కడ తిండి, బట్టలు, పుస్తకాలు ఉచితం. అది నడిచేది కూడా సమగ్ర శిక్ష డబ్బుతోనే. సీటు వచ్చింది. సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు తీసుకొస్తే రక్తపరీక్ష చేశాం. సెప్టెంబరులో 8.6 ఉన్న హిమోగ్లోబిన్ 10.4కు చేరింది. ఐరన్ మాత్రలు ఇంకో మూడు నెలలు వాడమన్నాను.